ఒక్క గొంతులో అయిదుగురు

1930లో హాలీవుడ్ నటుడు లాన్ చానీ ఒక అఫిడవిట్ మీద సంతకం చేశారు. ‘ది అన్‌హోలీ త్రీ’ సినిమాలో వినిపించే అయిదు గొంతులూ తనవేనని దాని సారాంశం. బొమ్మను మాట్లాడించే వెంట్రిలాక్విస్టు, ఆ బొమ్మ, ఒక ముసలమ్మ, ఒక చిలక, ఒక అమ్మాయి: ఈ అయిదుగురి మాటా ఆయనదే. స్టూడియో దాన్ని ప్రచారానికి వాడుకుంది, నిజమే. అయినా అంతకుముందు తెర మీద ఒక్క మాటైనా వినిపించని నటుడు తన గొంతు గురించి ప్రమాణం చేయడంలో ఎంత ధీమా ఉందో చూడాలి.

అదే ఆయన మొదటి టాకీ, చివరి సినిమా. జూలైలో విడుదలైంది. ఆగస్టు 26న చానీ కన్నుమూశారు. వయసు 47.

చానీ తల్లిదండ్రులిద్దరూ బధిరులు. ఇంట్లో మాటంతా చేతులతో, కళ్లతో, ముఖంతో జరిగేది. బుగ్గ కాస్త వణికితే ఏమిటి అర్థం, భుజం జారితే ఏమిటి అర్థం అన్నది ఆ పిల్లవాడికి మాటల కంటే ముందే తెలిసింది. తన మేకప్ తానే వేసుకుని ‘ది హంచ్‌బ్యాక్ ఆఫ్ నోట్రడామ్’ (1923)లో గూనివాడయ్యారు, ‘ది ఫాంటమ్ ఆఫ్ ది ఒపెరా’ (1925)లో జనాన్ని హడలెత్తించారు. వెయ్యి ముఖాల మనిషి అన్నారు ఆయన్ని.

‘ది అన్‌హోలీ త్రీ’ని ఆయన రెండుసార్లు చేశారు. 1925లో టాడ్ బ్రౌనింగ్ తీసింది మూకీ, 1930లో జాక్ కాన్వే తీసింది టాకీ. కథ దాదాపు ఒకటే. ఎకో అనే వెంట్రిలాక్విస్టు ముసలమ్మ వేషం వేసుకుని పక్షుల దుకాణం నడుపుతాడు. దుకాణంలో గలగలా మాట్లాడిన చిలక, కొన్నవాళ్ల ఇంటికి వెళ్లాక నోరు విప్పదు. అదేమిటో చూసే నెపంతో ఆ ఇంటికి వెళ్లి, దొంగతనానికి ఆరా తీయడం ఎకో ముఠా పద్ధతి. మూకీలో చిలక మాటల్ని తెర మీద అక్షరాల్లో చూపించాల్సి వచ్చింది. అసలు ఈ కథకు ప్రాణమే గొంతు. అది అయిదేళ్లు ఆలస్యంగా దానికి దక్కింది.

టాకీలో ముగింపు కూడా మారింది. ముసలమ్మ వేషంలోనే ఎకో కోర్టు బోనెక్కుతాడు. ప్రశ్న మీద ప్రశ్న పడుతుంటే ఉన్నట్టుండి గొంతు జారి మగగొంతు బయటపడుతుంది. వేషం చెక్కుచెదరలేదు, మాటే పట్టిచ్చింది. ఆంగికంలో అంత గొప్పవాడు వాచికాన్నీ అంతే లోతుగా పట్టుకున్నాడనడానికి ఆ ఒక్క ఘట్టం చాలు. మాట వచ్చి మూకీ నటుల్ని ముంచేసిందని తరచూ చెబుతారు. చానీ విషయంలో అది అన్యాయం. ఆయన్ని ఆపింది మైకు కాదు, కేన్సర్.

మన దేశంలో కథ వేరుగా నడిచింది. తొలి భారతీయ టాకీ ‘ఆలం ఆరా’ (1931) కథానాయకుడు మాస్టర్ విఠల్ మూకీల్లో పెద్ద స్టార్. ఆయనకు భాష మీద పట్టు లేకపోవడంతో, పాత్రను చాలా భాగం స్పృహలేని స్థితిలోనే చూపించారు. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ (1932)కు ఆ ఇబ్బంది రాలేదు. మునిపల్లె సుబ్బయ్య, సురభి కమలాబాయి రంగస్థలం మీద గొంతు సానబట్టినవాళ్లు. ఈ రెండు సినిమాల్లోనూ చిన్న వేషాలు వేసిన కుర్రాడు ఎల్.వి.ప్రసాద్. గూడవల్లి రామబ్రహ్మం మరణంతో ఆగిన ‘పల్నాటి యుద్ధం’ (1947)ను పూర్తిచేసింది ఆయనే. అందులో బ్రహ్మనాయుడు గోవిందరాజుల సుబ్బారావు, నాగమ్మ కన్నాంబ. ఇద్దరూ నాటకాల నుంచి వచ్చినవాళ్లే.

ఆ సినిమాకు కథనిచ్చిన పల్నాడుకు ఒక్క గొంతులో పదిమందిని వినడం కొత్త కాదు. కార్తీక అమావాస్యకు కారెంపూడిలో మొదలయ్యే వీరుల ఉత్సవాల్లో మొదటి రోజు రాచగావు నుంచి చివరి రోజు కల్లిపాడు దాకా అయిదు రోజులూ వీరగాథే. దాన్ని పాడే వీరవిద్యవంతుల్లో కథకుడు నాగమ్మ తరఫునా మాట్లాడాలి, బ్రహ్మనాయుడి తరఫునా మాట్లాడాలి. బాలచంద్రుడి రోషం, కొడుకును యుద్ధానికి పంపే తల్లి దుఃఖం, రెండూ అతని గొంతులోంచే రావాలి. చీరలు, కిరీటాలు మార్చుకునే వీలుండదు. మనిషి మారాడని విన్నవాడికి తెలియాలి, అంతే.

నరసరావుపేటలోనో మాచర్లలోనో నాటకం నేర్పే గురువులు పద్యం ఎత్తుగడ మీద, రాగం మీద ఎంతో శ్రమ పెడతారు. దానికి ముందు మరో సాధన ఉండాలి. ఒక్క మాటా లేకుండా ఆ పాత్రలా కూర్చోవడం, లేవడం, ఎదుటివాడు చెప్పేది వినడం. శరీరం వంగితే ఊపిరి మారుతుంది, ఊపిరి మారితే గొంతు మారుతుంది. ముసలమ్మ గొంతు కావాలనుకునే కుర్రవాడు ముందు ఆమెలా నాలుగడుగులు వేసి చూడాలి. చానీ ‘ది అన్‌హోలీ త్రీ’ మూకీ, టాకీ రెండూ పక్కపక్కన వేసి చూపిస్తే, ఈ పాఠం ఎలా చెప్పాలా అని గురువు తడుముకోనక్కర్లేదు.