పేరులేని తాతమ్మ

జుంగ్ చాంగ్ 1991లో ఆంగ్లమున ప్రకటించిన ‘వైల్డ్ స్వాన్స్’ ఒక చీనా కుటుంబమునందలి మూడు తరముల స్త్రీల చరిత్రగా ప్రసిద్ధి కెక్కినది. ఖరగ్‌పూరు రైల్వే క్వార్టర్ల నడుమ ఆ గ్రంథమును మరల చదువునప్పుడు నాకు నాలుగవ స్త్రీ కనబడినది. ఆమె గ్రంథకర్త్రికి తాతమ్మ. పుట్టినింట ఆమెకు పేరే పెట్టలేదు. ‘రెండవ పిల్ల’ యని పిలిచిరి.

ఈ గ్రంథమునకు వెన్నెముక రాజకీయము కాదు, పేర్లే యని నా అభిప్రాయము. తాతమ్మ కూతురు యూఫాంగ్ పేరులో మణియు, పరిమళమును కలవు. కాని రెండేండ్లకే ఆమె పాదములు బిగించి కట్టిరి. 1924లో పదునైదవయేట తండ్రియే ఆమెను ఒక సేనానికి ఉపపత్నిగా నిచ్చెను. ఆ సేనాని వలన కలిగిన బిడ్డ గ్రంథకర్త్రి తల్లి. ఇక గ్రంథకర్త్రి మొదటి పేరు ఎర్‌హుంగ్, అనగా రెండవ అడవిహంస. ఉచ్చారణలో అది ‘వెలిసిన ఎరుపు’ అను మాటవలె వినబడును. విప్లవదేశమున ఎరుపు వెలియరాదు గదా! పన్నెండేండ్ల బాలిక తండ్రి నడిగి యుద్ధధ్వని గల పేరు పెట్టించుకొన్నది. పేరులేని స్త్రీ మునిమనుమరాలు తన పేరు తానే కోరుకొనుటకు మూడు తరములు పట్టినది.

తల్లి భాగమున ఒక ఘట్టము మరువరానిది. 1949లో నాన్‌జింగ్ దిశగా సాగిన దీర్ఘప్రయాణమున భర్తకు హోదా ననుసరించి వాహనము లభించినది. గర్భిణియైన భార్య మూటతో నడచినది. గర్భము నిలువలేదు. గ్రంథకర్త్రి తండ్రి నిష్ఠను దాచదు, ఆ నిష్ఠ తల్లి కేమి చేసినదో దానిని కూడ దాచదు. తీర్పును మనకే విడిచినది. సాంస్కృతిక విప్లవకాలపు అధ్యాయములలో ఈ నిగ్రహము కొంత సడలినది. అచ్చట సంఘటనలు మనుష్యులను మ్రింగివేసినవి. తాను కన్న దానికంటె విన్న దానినే ఆమె బాగుగ వ్రాసినది.

ఆ వినుట 1988లో లండనున జరిగినది. చూడవచ్చిన తల్లి దినముల తరబడి చెప్పగా కుమార్తె యంత్రముపై పట్టినది. గ్రంథమునకు మూలము ఆ ధ్వనిముద్రలే.

ఖరగ్‌పూరున అట్టి వినుట జరుగలేదు. బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికశాలకై ఉత్తరాంధ్ర పల్లెలనుండి వచ్చిన కుటుంబములు ఇచ్చట తరములుగా నున్నవి. 1927నాటి సమ్మెయు, వి. వి. గిరి నాయకత్వమును చరిత్ర కెక్కినవి. జీతము రాని ఆ దినములలో పొయ్యి వెలిగించిన వారెవరో మన పుస్తకములు చెప్పవు. క్వార్టరు పురుషుని పేర నుండెను. ఆమె ‘ఫిట్టరు గారి భార్య’. పుట్టినింట ఆమె ‘గుంట’. చీనా తాతమ్మ ఇంకెంత దూరము?

ఒక సందేహము కలుగవచ్చును: ఇంటివారే వ్రాయవలెనా? అస్సామునందలి చీనావారిని 1962 యుద్ధానంతరము రాజస్థానమునందలి దేవలీ శిబిరమునకు పంపిన వైనమును రీతా చౌధురి 2010లో ‘మాకాం’ అను అస్సామీ నవలగా వ్రాసినది. ఆమె చీనా కుటుంబమున పుట్టినది కాదు. కావున వెలుపలి వారును వ్రాయగలరు. అయినను తల్లి కూతురికి చెప్పు మాట వేరు.

ఇచ్చటి మనుమరాండ్రలో పలువురికి తెలుగు మాట వచ్చును, లిపి రాదు. వారి చదువు బంగాళీలోను, హిందీలోను, ఆంగ్లమునను సాగినది. ఆ గ్రంథము తెలుగుననే రావలెనని నేను ఒకప్పుడు వాదించితిని. ఇప్పుడు ఆ పట్టు విడిచితిని. జుంగ్ చాంగ్ పరభాషలో వ్రాసినది గాని తల్లిని చీనాభాషలోనే విన్నది. ఖరగ్‌పూరు మనుమరాలు బంగాళీలో వ్రాసినను సరియే. అమ్మమ్మ నడుగుట మాత్రము ఆమె సిక్కోలు మాటలోనే, ఆమె యింకను చెప్పగలిగి యుండగనే, జరుగవలెను.