అవ్యాజప్రేమ: జాషువ, ఎల్విన్, బస్తరు

సంస్కృతమునుండి తెలుగు తెచ్చుకొన్న విశేషణములలో 'అవ్యాజము' అనునది మిక్కిలి సూక్ష్మమైనది. వ్యాజమనగా నెపము. నెపము లేని కరుణ అవ్యాజకరుణ. లలితాసహస్రనామములు పఠించు ప్రతి యింటను ఈ మాట వినవచ్చును. శ్రీవైష్ణవులు ఇదే భావమును నిర్హేతుక కృప అనిరి. పిల్లి తన కూనను నోట కఱచుకొని పోవునట్లు భగవంతుడే జీవుని తీసికొనిపోవునని ఒక సంప్రదాయమువారు, కోతిపిల్ల తల్లిపొట్టను గట్టిగా పట్టుకొనునట్లు జీవుడును కొంత పూనుకొనవలెనని మఱియొక సంప్రదాయమువారు శతాబ్దములపాటు వాదించుకొనిరి. కావున క్రైస్తవులు వచ్చి, దైవప్రేమకు షరతు లేదని చెప్పినప్పుడు తెలుగువాని చెవికి అది అపరిచితమైన మాట కాలేదు. పురుషోత్తమ చౌదరి (1803–1890) క్రీస్తును పాడుటకు తెలుగు కీర్తనల మార్గమునే అనుసరింపగలుగుటకు ఈ పరిచయము తోడ్పడియుండును. అపరిచితమైనది వేఱొకటి. పైనుండి దిగివచ్చిన కరుణ తన్ను పొందినవానియొద్ద ఆగిపోరాదు; అతనినుండి పొరుగువానికి, తుదకు శత్రువునకు సైతము, నెపము లేకయే పాఱవలెను. ఇది బోధించుట సులభము. సాహిత్యమున చూపుట కష్టము.

కష్టమెందులకనగా, ఇచ్చుచేతిని చూడగానే లోకము 'ఇతనికేమి లాభము?' అని అడుగును. క్రైస్తవుని విషయమున ఈ ప్రశ్న శాసనరూపమును కూడ దాల్చినది. నాటి మధ్యప్రదేశ్ ప్రభుత్వము 1954లో మిషనరీల కార్యకలాపములను విచారించుటకు భవానీశంకర నియోగి అధ్యక్షతన ఒక సంఘమును నియమించెను. 1956లో దాని నివేదిక వెలువడెను. 1968లో అదే రాజ్యము బలాత్కారముచేతగాని, మోసముచేతగాని, ప్రలోభముచేతగాని మతము మార్పించుటను నిషేధించెను. 1977లో సుప్రీంకోర్టు ఆ శాసనమును సమర్థించుచు, మతప్రచారము చేయు హక్కులో పరుని మతము మార్చు హక్కు ఇమిడియుండదనెను. 2000లో ఛత్తీస్‌గఢ్ ఏర్పడినప్పుడు ఆ శాసనమే దానికి సంక్రమించెను. ధర్మాసనములు తేల్చవలసినది తేల్చినవి. విమర్శకునకు మిగిలిన ప్రశ్న వేఱు. కానుకకును ప్రలోభమునకును నడుమ నున్న గీత బయటికి కనబడదు; అది ఇచ్చువాని హృదయములో నుండును. హృదయములోనిది చూపుట సాహిత్యమునకు చెందిన పని. తెలుగు సాహిత్యము ఆ పని ఎంతవరకు చేసినది?

ఈ ప్రశ్నకు గీదము తగిన చోటు. జగదల్‌పురమునుండి బీజాపురము, భూపాలపట్నముల మీదుగా గోదావరి వైపు పోవు బాటలో, దంతెవాడకు దారి చీలుచోట నున్న సంతయూరది. తెలుగువానికి ఆ సీమ పూర్తిగా పరాయిది కాదు. చేరువలోని బారసూరులో నాగవంశపు రాజులనాటి, 11వ శతాబ్దికి చెందిన తెలుగు శాసనమున్నది. కాకతి ప్రతాపరుద్రుని తమ్ముడు అన్నమదేవుడు దంతేశ్వరిని వెంటబెట్టుకొని వచ్చి బస్తరును ఏలెనని ఐతిహ్యము. హల్బీ, గోండీ పలుకుల నడుమ, దక్షిణమునకు పోయినకొలది దోర్లా, తెలుగు మాటలు కలియును. ఒకప్పుడు మధ్యభారతపు అడవులలో బడి యన్నను, మందన్నను చాలచోట్ల మిషనే గుర్తుకు వచ్చెడిది. నేడు గీదముచెంత జావంగలో విద్యాలయ సముదాయమును ప్రభుత్వమే కట్టినది. 2012లో ఛత్తీస్‌గఢ్ శాసనసభ ఆహారభద్రతా చట్టము చేసినది. రేషను అంగడిలో బియ్యము తెచ్చుకొనువాడు ఎవరికిని మ్రొక్కనక్కఱలేదు. లౌకికరాజ్యము చేసిన మేలులలో ఇది చిన్నది కాదు. దానివలన క్రైస్తవునకు కూడ ఒక మేలు కలిగినది. ఇది తఱచుగా ఎవరును గుర్తింపరు. బియ్యము, మందు, బడి అతని చేతినుండి తొలగినకొలది నెపములు కూడ తొలగిపోయినవి. ఇక మిగిలినది ప్రేమయే అయినచో అది బయటపడవలెను. లేనిచో లేదనియు బయటపడవలెను.

నెపమును తానై త్రోసివేసిన ఉదాహరణ తెలుగుదేశ చరిత్రలోనే ఒకటి కలదు. 1876–78 నాటి కరవులో ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషనుకు చెందిన జాన్ క్లౌ దొర బకింగ్‌హాము కాలువలో మూడున్నర మైళ్ళ త్రవ్వకము గుత్తకు తీసికొని, మాల మాదిగలకు పని కల్పించెను. ఆకటికి అలమటించు వేలమంది మతము పుచ్చుకొందుమని వచ్చిరి. ఆ దినములలో ఆయన బాప్తిస్మములు ఆపివేసెను. బియ్యముకొఱకు వచ్చినవారెవరో, విశ్వాసముకొఱకు వచ్చినవారెవరో తెలియదని ఆయన శంక. గడ్డుకాలము గడచి సాయము నిలిచిన పిదప, 1878 జులై 3న వెల్లంపల్లియొద్ద గుండ్లకమ్మలో ఒక్కదినముననే 2,222 మందికి బాప్తిస్మమిచ్చిరి. తరువాతివారు ఈ అంకెను చాటుకొన్నంతగా ఆ మూసిన తలుపును చాటుకొనలేదు. కథకునకు పనికివచ్చునది తలుపే. అన్నము పెట్టుచు, దానికి బదులుగా వచ్చు శిరస్సును వలదనుట ఎట్టి మనోవ్యధ! వచ్చినవారి మనస్సులో పెట్టిన చేతిపట్ల కృతజ్ఞత లేదని ఎవరును అనజాలరు. కాని కృతజ్ఞత నేరము కాదు. పొందువాని మనస్సును తూకము వేసి ఇచ్చువాని ప్రేమను నిర్ణయించుట సరికాదు.

క్లౌ తలుపు కొంతకాలమే మూసెను. దానిని శాశ్వతముగా మూసినవాడు వెరియర్ ఎల్విన్. ఆంగ్లికన్ బిషప్పు కుమారుడై, ఆక్స్‌ఫర్డులో చదివి, 1927లో పూనాలోని క్రిస్త సేవాసంఘమునకు వచ్చిన ఈ యువకుడు గాంధీజీకి సన్నిహితుడయ్యెను. 1932లో శ్యామరావ్ హివాలేతో కలిసి మండ్లా మండలములోని కరంజియాలో గోండుల నడుమ కాపురముండెను. గోండులకు సువార్త చెప్పుటకు ఆయన మనస్సు ఒప్పుకొనలేదు. వారికి వైద్యము చేయవచ్చును, వారితో బ్రతుకవచ్చును, వారిని మార్చరాదు. 1935లో చర్చితో సంబంధము తెంచుకొనెను. తరువాత బస్తరు వచ్చి, దంతెవాడ ప్రాంతపు మాడియాల హత్యలు, ఆత్మహత్యలను గూర్చి 1943లో ఒక గ్రంథమును, మురియాల ఘోటులును గూర్చి 1947లో మఱియొక గ్రంథమును ప్రకటించెను. మొదటిది నూఱు హత్యల విచారణ. చంపినవానిని నేరగానిగా కాక, అలసినవానిగా, అసూయపడినవానిగా, చేతబడికి భయపడినవానిగా చూచిన ఆ చూపులో, చర్చిని విడిచిన పాదిరి క్రీస్తును పూర్తిగా విడువలేదేమో ననిపించును. ఆయన ఆత్మకథకు 1965లో, మరణానంతరము, సాహిత్య అకాడమీ పురస్కారము లభించెను.

ఆయన ప్రేమకు షరతు లేదా? గొప్పవాడగుట చేతనే ఈ ప్రశ్న అడుగవలెను. 1939 నాటి బైగాల గ్రంథమున ఆయన వారికొక రక్షితవనము వంటి ఏర్పాటును సూచించెను. ఘుర్యే మున్నగువారు దీనిని తీవ్రముగా విమర్శించిరి. ఆయనయు తరువాతి కాలమున తన అభిప్రాయమును సడలించుకొనెను. అయినను ఆ సూచన వెనుక నున్న మనస్తత్వమును గమనింపవలెను. 'నీవు నావలె కావలెను' అనుట ఒక షరతు. 'నీవు ఇట్లే ఉండవలెను' అనుట మఱియొక షరతు. మొదటిది మిషనరీ పెట్టునది, రెండవది సౌందర్యోపాసకుడు పెట్టునది. ఎల్విన్ మొదటిదానిని త్యజించుటకు జీవితమునే వెచ్చించెను. రెండవది తనలో నున్నదని చాలకాలము గుర్తింపలేదు. తన యిచ్ఛచే క్రైస్తవుడైన గోండునకు ఆయన ప్రపంచమున చోటు దొరకుట కష్టము. అడవిని గూర్చి వ్రాయు తెలుగువారిలో సైతము ఈ రెండవ షరతు బలముగానే కనబడుచున్నది.

ఎల్విన్ కంటె ఒక యేడు ముందు, 1964లో, అదే అకాడమీ పురస్కారము గుఱ్ఱము జాషువగారి 'క్రీస్తు చరిత్ర'కు వచ్చెను. ఒకరు క్రీస్తును చెప్పక ఊరకుండుటే ప్రేమ యనుకొనిరి, మఱియొకరు చెప్పితీరిరి. అయితే ఎప్పుడు చెప్పిరి? 1895లో వినుకొండలో క్రైస్తవ కుటుంబమున పుట్టిన జాషువగారు 1932లో పారసీక కవి ఫిరదౌసిని, 1941లో శివునకు మొఱపెట్టుకొను పంచముని, 1943లో ముంతాజును, 1948లో బాపూజీని పాడి, అఱువది దాటిన పిదప 1958లో 'క్రీస్తు చరిత్ర' వెలువరించిరి. పంచముడు పద్యము చెప్పుట పండితులలో కొందఱికి గిట్టలేదు. క్రైస్తవుడు పురాణవస్తువును ముట్టుట క్రైస్తవ పెద్దలకు గిట్టలేదు. ఇరువైపుల తలుపులు మూసికొన్నప్పుడు ఆయన ఎన్నుకొన్న దూత గబ్బిలము. మనిషి పోలేని గుడిలోనికి అది పోగలదు.

కావ్యగుణమున 'క్రీస్తు చరిత్ర' 'గబ్బిలము'నకు ఒక మెట్టు దిగువనే నిలుచును. సువార్తల కథాక్రమము కవి రెక్కలను కొంత కట్టివేసినది. భక్తి నిండినచోట వేదన పలుచబడినది. క్రైస్తవప్రేమను తెలిసికొనగోరువాడు మొదట చదువవలసినది 'గబ్బిలము'. ఆ మాట వింతగా తోచవచ్చును. అందులోని కథానాయకుడు క్రైస్తవుడు కాడు, కాశీవిశ్వేశ్వరునకు సందేశము పంపుకొనువాడు. కవి తలచినచో అతనిని చర్చిలోనికి నడిపింపగలడు. కరవు, అవమానము, మూసిన గుడి అన్నియు సిద్ధముగానే ఉన్నవి; సామాన్యుడైన మతకవి ఆ అవకాశమును విడువడు. జాషువగారు విడిచిరి. ఆ దుఃఖితుని అతని దేవునితోనే మాటాడనిచ్చి, తాము వెనుక నిలిచి అతని కన్నీరు మాత్రము మోసిరి. అవ్యాజమన్న మాటకు ఆధునిక కవిత్వమున ఇంతకంటె చక్కని అర్థము కనబడదు. క్లౌ బాప్తిస్మమును ఆపెను, ఎల్విన్ సువార్తను విడిచెను. జాషువగారు దేనిని విడువలేదు. పాత్రనుండి మాత్రము ఏమియు కోరలేదు.

ఉన్నవ లక్ష్మీనారాయణగారి 'మాలపల్లి' (1922) లోని రామదాసు క్రైస్తవుడు కాకున్నను ఇక్కడ స్మరింపదగినవాడు. కొడుకును పోగొట్టుకొనియు పగ పూనని ఆ వృద్ధుని క్షమ వేదాంతమునుండి వచ్చినది. క్షమకు ఏ మతమును గుత్తదారు కాదు. అయితే ఉన్నవవారి కాలమున లేని చిక్కొకటి నేడున్నది. క్షమించుటయు శిక్షింపవలసిన రాజ్యమును ప్రక్కప్రక్కనే ఉన్నప్పుడు, క్షమించిన మనిషి దేనిని విడుచుకొనుచున్నాడు? 1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో గ్రాహం స్టెయిన్సును, అతని ఇద్దఱు పసికుమారులను సజీవదహనము చేసిన పిదప, భార్య గ్లాడిస్ హంతకులను క్షమించితినని ప్రకటించి, కుష్ఠురోగుల సేవలో కొన్నియేండ్లు అచ్చటనే నిలిచెను. న్యాయస్థానములు తమ విచారణ తాము జరిపినవి. క్షమ ఆమెది, శిక్ష రాజ్యముది. ఒకటి మఱియొకదానిని అడ్డగింపలేదు. ఈ వేర్పాటును గ్రహింపని రచయిత క్షమను పిఱికితనముగానైనను, నాటకముగానైనను చిత్రించును.

బస్తరులో నేటి చిక్కు చావుతో మొదలగుచున్నది. 2025 జనవరి 7న దర్భా ప్రాంతములోని ఛిందవాడ గ్రామమునకు చెందిన ఒక వృద్ధ పాదిరి మరణించగా, ఊరిలో పాతిపెట్టుటకు గ్రామస్థులు అడ్డు చెప్పిరి. దేహము శవాగారమున నుండగానే వివాదము సుప్రీంకోర్టుకు చేరెను. జనవరి 27న తీర్పు రెండుగా చీలెను. కుటుంబపు సొంతపొలమున పాతిపెట్టనీయవలెనని ఒక న్యాయమూర్తి, క్రైస్తవులకు ఏర్పఱచిన శ్మశానముననే జరుపవలెనని మఱియొకరు అనిరి. దేహమును ఇంకను ఉంచరాదని, ఇరువురును కలిసి ఇరువది కిలోమీటర్లకు పైబడిన దూరములోని కర్కాపాలు శ్మశానమునకు పంపిరి.

ఇందు క్రైస్తవుని బాధ స్పష్టమే. రచయిత అంతటితో ఆగినచో అది వార్త యగును, కథ కాదు. అడ్డు చెప్పిన పొరుగువాని మనస్సును కూడ తెలియవలెను. ఆదివాసిపల్లెలో భూమి ఊరిదేవతది. కొత్తపంటను ఆమెకు పెట్టకముందు ఎవరును ముట్టరు. జాతరకు ప్రతి యిల్లును తన వంతు వేయును. ఒక యిల్లు వంతు మానినచో ఊరివారికి అది నమ్మకము మారుటగా తోచదు, పాలు పంచుకొన్న తమ్ముడు పొత్తు విడిచినట్లుండును. ఆ గాయము నిజమైనది. షరతు లేని ప్రేమ తనకున్నదను క్రైస్తవుడు ఆ గాయమును చూడవలెను. తన్ను వెలివేసినవాని యింట పెండ్లియైనను చావైనను పిలువకయే పోవలెను. పోయినవాడు లోపలికి రానీయబడునా యనునది వేఱుమాట.

తెలుగు రచయితకు ఈ వస్తువు దూరమున లేదు. 2005లో సల్వాజుడుం మొదలైన పిదప బస్తరునుండి వేలమంది నాటి ఖమ్మము జిల్లా అడవులలోనికి తరలివచ్చిరి. తెలుగువారు వారిని గుత్తికోయలనిరి. వారిని గూర్చిన రచనలలో తుపాకి వినబడును, అటవీశాఖ కనబడును, ఆకలి కనబడును. అదే గుడిసెలలో అన్న ఊరిదేవతను, తమ్ముడు క్రీస్తును కొలుచు ఇల్లు మాత్రము అరుదుగా కనబడును. వారి తల్లి చనిపోయినదనుకొందము. ఏ పాట పాడవలెను, తల ఏ దిక్కున పెట్టవలెను, సిలువ నాటవలెనా రాయి నిలుపవలెనా అని అన్నదమ్ములు తెల్లవారులు తగవులాడుకొందురు. ప్రొద్దెక్కును, దేహమునకు వేళ మించుచుండును. గడ్డపాఱ ఒక్కటే ఉన్నది. దానిని మొదట ఎవరు అందుకొందురో, రెండవవాడు ఆ గోతిలోనికి దిగునో దిగడో, వ్రాయువాడే నిర్ణయింపవలెను.