రూటబాగా దేశపు కథలు

అమెరికన్ కవి కార్ల్ శాండ్‌బర్గ్ తన కూతుళ్ళ కోసం అల్లిన ‘రూటబాగా కథలు’ 1922లో వెలువడ్డాయి. వీటిలో రాజుల కోటల స్థానాన్ని రైళ్ళు, మొక్కజొన్న చేలు ఆక్రమించాయి. ఒక కథలో రెండు ఆకాశహర్మ్యాలకు బిడ్డ కావాలనిపిస్తుంది. ఆ బిడ్డ రైలు. రైలు ప్రమాదానికి గురైందని తెలిశాక రెండూ కుప్పకూలుతాయి. ఇది వట్టి వింత కాదు. కదలలేని తల్లిదండ్రుల, ఊళ్ళు తిరిగే బిడ్డల కథ.

రూటబాగా ఒక దుంపకూర. ఆ పేరు స్వీడిష్ మాండలికం నుంచి ఇంగ్లీషులో చేరింది. కవి తల్లిదండ్రులూ స్వీడన్ నుంచి వలస వచ్చినవారే. అట్లా వలస వచ్చిన మాటే కథల్లో దేశమయింది. బళ్ళారిలోనో, హోసూరులోనో, బరంపురంలోనో పెరిగే మన పిల్లల కథలకూ దూరపు రాజ్యాలు అక్కరలేదని మేము భావిస్తున్నాము. ఇంటి తెలుగూ, కళ్ళెదుటి ఊరూ చాలు.