ఫోమ్ ఫ్లోట్లకు తొడుగు

మోడల్ విమానం నీటి మీద దిగి మళ్లీ లేవాలంటే చక్రాలు తీసేసి, వాటి చోట రెండు ఫ్లోట్లు బిగించాలి. 1910 మార్చి 28న ఫ్రాన్స్‌లో మార్తిగ్ సమీపంలోని బేర్ సరస్సు మీది నుంచి ఆన్రీ ఫాబ్ర్ తొలి సీప్లేన్‌ను లేపినప్పుడు దాని ఫ్లోట్లు చెక్కవి. ఆ తర్వాత 1925లో న్యూయార్క్‌లో పుట్టిన ఈడో సంస్థ అల్యూమినియం ఫ్లోట్లకు పేరు తెచ్చింది. 2024 నవంబరు 9న విజయవాడ పున్నమి ఘాట్ నుంచి శ్రీశైలానికి ఎగిరిన ట్విన్ ఆటర్ కూడా ఫ్లోట్ల మీదే కృష్ణా నీటిలో నిలిచింది. మోడల్ విమానాలు చేసేవారికి మాత్రం చెక్క, లోహం కన్నా ఫోమ్ బాగా కలిసొచ్చింది.

కారణం బరువు. మామూలు థర్మాకోల్ లీటరుకు 16 గ్రాములకు అటూ ఇటూ తూగుతుంది. ఫ్లోట్లు విమానం బరువుకన్నా 80 శాతం అదనంగా మోయగలగాలని పెద్ద విమానాలకు అమెరికాలో నియమం ఉంది. ఆ లెక్కన 2 కిలోల మోడల్‌కు రెండు ఫ్లోట్లూ కలిపి 3.6 లీటర్ల పరిమాణం ఉండాలి. అంత ఫోమ్ 60 గ్రాములు కూడా తూగదు. పైగా కరెంటుతో వేడెక్కిన నిక్రోమ్ తీగతో గంటలో ఆకారం కోసేయవచ్చు.

అయితే కోసిన ఫోమ్‌ను అలాగే నీళ్లలో దించితే ఎన్నాళ్లో నిలవదు. ఒడ్డు రాయి తగిలితే సొట్ట పడుతుంది, పూసల సందుల్లోకి నీరు చేరి బరువెక్కుతుంది. అంతకన్నా పెద్ద చిక్కు అంచులది. ఫ్లోటు అడుగున, విమానం గరిమనాభికి కాస్త వెనకగా, ఒక మెట్టు ఉంటుంది. వేగం అందుకున్నాక నీరు ఆ మెట్టు దగ్గర అడుగును వదిలేయాలి. మెట్టు అంచు గుండ్రంగా ఉంటే నీరు వదలదు; వంపు వెంట పాకి ఫ్లోటును కిందికి పట్టి లాగుతుంది. ఇంజను ఎంత గట్టిగా లాగినా విమానం లేవదు. పక్క అంచులు గుండ్రబడితే తుంపర పైకి ఎగిసి ప్రొపెల్లరును కొడుతుంది. మెత్తని ఫోమ్ పదునైన అంచును నిలుపుకోలేదు కాబట్టే తొడుగు అవసరమైంది. అందం ఆ తర్వాతి సంగతి.

తొడుగుల్లో తేలికైనది ఇస్త్రీతో అతికే ప్లాస్టిక్ ఫిల్ము. కానీ థర్మాకోల్ 80 డిగ్రీలు దాటితే మెత్తబడుతుంది, మామూలు ఫిల్ము బిగుసుకోవడానికి 120కి పైగా వేడి కావాలి. అందుకే తక్కువ వేడికి అతికే రకాలే వాడాలి. గోధుమరంగు ప్యాకింగ్ కాగితాన్ని నీళ్లు కలిపిన తెల్ల జిగురుతో అతికించి, పైన వార్నిష్ పూయడం చౌకైన పద్ధతి. చిన్న మోడల్‌కు అది చాలు. పలుచని బాల్సా రేకు అతికిస్తే గట్టిదనం వస్తుంది, బరువూ పెరుగుతుంది.

అన్నిటిలోకీ నమ్మదగినది ఫైబర్‌గ్లాస్ గుడ్డ, ఎపాక్సీ. ముందుగా పైభాగంలో గాడి తీసి, విమానం కాళ్లు బిగించే ప్లైవుడ్ పట్టీని అందులో అతికించాలి. తొడుగు వేశాక ఆ పని చేస్తే పట్టు ఉండదు. పూసల గుంటలను తేలికపాటి పుట్టీతో నింపి, 220 నంబరు శాండ్ పేపర్‌తో రుద్ది, దుమ్ము పూర్తిగా తుడవాలి. చదరపు మీటరుకు 25 గ్రాములు తూగే పలుచని గుడ్డ పైభాగానికి సరిపోతుంది. అడుగున దానికి రెట్టింపు మందం ఉన్నదే వేయాలి. గుడ్డను పొడిగా పరిచి, మధ్యలో రెజిన్ పోసి, పాత ప్లాస్టిక్ కార్డుతో అంచుల వైపు లాగాలి. గుడ్డ నేత కనబడుతూ, పైన మెరిసే తడి మిగలకుండా ఉంటే సరిగ్గా పట్టినట్టే. మిగులు రెజిన్‌ను టిష్యూ కాగితంతో అద్ది తీసేయాలి. అది బలం ఇవ్వదు, బరువే ఇస్తుంది. ముక్కు దగ్గర గుడ్డ ముడత పడకుండా ఏటవాలుగా కోసి పరుస్తారు.

మెట్టు అంచుకు వేరే శ్రద్ధ కావాలి. మెట్టు నిలువు ముఖానికి టేపు అతికించి, దాని అంచు అడుగు కన్నా వెంట్రుకవాసి పైకి ఉండేలా చూడాలి. ఆ మూలలో చిక్కని ఎపాక్సీ నింపి, గట్టిపడ్డాక టేపు లాగేసి, చెక్క దిమ్మకు చుట్టిన శాండ్ పేపర్‌తో చదును చేస్తే గోటికి తగిలే అంచు వస్తుంది. వేలితో రుద్దితే మళ్లీ గుండ్రబడుతుంది.

రసాయనాల ఎంపికలో ఏమరుపాటు పనికిరాదు. పాలియెస్టర్ రెజిన్, పెట్రోలు, అసిటోన్, మామూలు ఇన్‌స్టంట్ గ్లూ థర్మాకోల్‌ను కరిగించేస్తాయి. ఎపాక్సీ కరిగించదు. స్ప్రే పెయింటులోని ద్రావకం తొడుగులో సూదిమొనంత రంధ్రం దొరికినా లోపలికి దిగి ఫోమ్‌ను తినేస్తుంది; పైకి ఏమీ కనబడదు, నొక్కితే తొడుగు లోపలికి పోతుంది. అందువల్ల రెండో పలుచని ఎపాక్సీ పూత వేసి, రంధ్రాలన్నీ మూసుకున్నాకే రంగు వేయాలి. నీటి ఆధారిత ప్రైమరైతే మరీ క్షేమం. రెజిన్ పూసేటప్పుడు చేతులకు గ్లౌజులు, గ్లాస్ పూతను రుద్దేటప్పుడు ముఖానికి మాస్కు తప్పనిసరి. తడిపి రుద్దితే దుమ్ము లేవదు.

రెండు ఫ్లోట్లనూ తూచి చూశాకే విమానానికి బిగించాలి. తేడా ఉంటే బరువెక్కువ ఉన్నదాని పైభాగంలో రంగు రుద్ది తగ్గించవచ్చు. అడుగున మాత్రం చేయి పెట్టకూడదు.