పని చెబితేనే అయినవాళ్ళు

విదేశంలో ఉద్యోగం చేసేవాళ్ళకి క్రిస్మస్ రెండు రకాలు. మొదటిది ఆఫీసు పండగ. మా స్టుట్‌గార్ట్‌లో డిసెంబరు వస్తే చాలు, రెస్టారెంట్లన్నీ కంపెనీల విందులతో నిండిపోతాయి. మేనేజరు నాలుగు మాటలు చెబుతారు. చీటీలు తీసి ఒకరికొకరం చిన్న కానుకలు ఇచ్చుకుంటాం. తర్వాత క్రిస్మస్ బజారు. అది 1692 నాటికే ఉన్నట్టు రికార్డుల్లో ఉంది. డిపాజిట్ కట్టి తీసుకున్న కప్పులో వేడివేడి గ్లూవైన్ తాగడం, కప్పు తిరిగిచ్చి యూరోలు జేబులో వేసుకోవడం, ఆపైన ఎవరి రైలు వాళ్ళది.

రెండోది ఇళ్ళల్లో జరిగే పండగ. అందులోకి అడుగుపెట్టడం అంత సులువు కాదు. ఇక్కడ 24 సాయంత్రం పూర్తిగా ఇంటివాళ్ళదే. మధ్యాహ్నానికే దుకాణాలు మూస్తారు, 25, 26 ఎలాగూ సెలవులు. చాలా ఇళ్ళల్లో ఆ రాత్రి భోజనం బంగాళాదుంప సలాడ్, సాసేజీలు, అంతే. ఇంటిముందు వెదురు గడకు నక్షత్రం కట్టి, పాటలు పాడుతూ వీధివీధీ తిరిగిన మనకి ఆ నిశ్శబ్దం ఓ పట్టాన మింగుడుపడదు. ‘ఒక్కరూ పిలవలేదండీ’ అని నొచ్చుకునే కొత్తవాళ్ళు ఏటా కనిపిస్తారు. పిలుపు 24కి రాదు. వస్తే అంతకుముందు నాలుగు ఆదివారాల్లోనే వస్తుంది.

ఆ నాలుగు ఆదివారాల కాలమే ఆడ్వెంట్. పచ్చని కొమ్మలు చుట్టిన చక్రం మీద వారానికో కొవ్వొత్తి వెలిగిస్తారు. 1839లో హాంబర్గ్‌లో యోహాన్ హిన్రిచ్ విచెర్న్ అనే దైవశాస్త్ర పండితుడు, తన ఆశ్రమంలోని పేదపిల్లలు పండగ ఎన్నాళ్ళుందో లెక్కపెట్టుకోవడానికి ఇలాంటి ఏర్పాటు చేశాడంటారు. స్నేహితుల్ని ఇంటికి పిలిచేది ఈ ఎదురుచూపు రోజుల్లోనే.

అలా ఒక ఆదివారం మా టీమ్‌లో పెద్దావిడ రమ్మన్నారు. కాఫీకేమో అనుకున్నాను. గుమ్మంలోనే ఏప్రన్ చేతికిచ్చారు. స్ప్రింగర్లే బిస్కెట్లు చేయాలి. గుడ్లు, పంచదార పొడి చాలాసేపు గిలక్కొట్టి, మైదా కలిపి, మందంగా వత్తి, పువ్వులూ పిట్టలూ చెక్కిన చెక్క అచ్చు నొక్కుతారు. అడుగున సోంపు వాసనొచ్చే అనిస్ గింజలు చల్లుతారు. అసలు కిటుకు ఆ తర్వాతే. ఒక రోజంతా ఆరబెట్టాలి. పైపొర ఎండితే, సన్న సెగన కాల్చినప్పుడు బొమ్మ చెదరదు. పిండి కిందినుంచి పొంగి బిస్కెట్టుకి ‘పాదాలు’ వస్తాయి. పాదాలు రానిదాన్ని ఇక్కడి పెద్దవాళ్ళు లెక్కలోకే తీసుకోరు. పైగా మొదట్లో రాయిలా ఉంటాయి. డబ్బాలో కొన్ని వారాలుంచితే గానీ మెత్తబడవు. అందుకే పండగ పని ఇంత ముందు మొదలవుతుంది.

పిండి చేతులతో ఆ మధ్యాహ్నం ఆవిడ తన అత్తగారి గురించీ, రాబోయే రిటైర్మెంటు గురించీ చెప్పినన్ని కబుర్లు ఆఫీసులో ఏ విందులోనూ చెప్పలేదు. మా అమ్మ అరిసెలు గుర్తొచ్చాయి. పాకం చూడటానికి ఒకరు, తట్టడానికి ఒకరు, నూనెలోంచి తీసి నొక్కడానికి ఇంకొకరు కావాలి. క్రిస్మస్‌కి మా అమ్మ పక్కింటి పిన్నిగార్ని పిలిచేది, సంక్రాంతికి ఆవిడ అమ్మని పిలిచేది. చుట్టాలకి మర్యాద చేస్తాం, అయినవాళ్ళకి పని చెబుతాం. ఏ దేశంలోనైనా మనం ఎవరికి ఏమవుతామో తెలిసేది అక్కడే.

మరుసటి ఏడాది గులాబీ పువ్వులు వండుదామని నేనే టీమ్‌ని పిలిచాను. అచ్చు కాలకపోతే పిండి అంటుకోదు, అంచు మునిగితే పువ్వు ఊడిరాదు. ఇద్దరు ఇంజనీర్లు థర్మామీటరు పట్టుకుని నూనె వేడి మీద వాదనకి దిగారు. నేను మాత్రం చుక్క పిండి వేసి చూసి, ఊఁ కానివ్వండి అన్నాను.

కాబట్టి కొత్తగా వచ్చినవాళ్ళకి నా సలహా ఇదే. పిలుపు కోసం చూడకుండా మీరే ఓ ఆదివారం నలుగుర్ని పిలవండి. వచ్చినవాళ్ళని సోఫాలో మాత్రం కూర్చోబెట్టకండి.