పెదవే పీక

పెదవీ, నిన్ను పాడతాను. అమ్మ పాలు ఎరిగినదానివి, అమ్మను పిలవడం నేర్చినదానివి, ఒకనాడు ఇత్తడి అంచుకు ఆనుకుని స్వరానివై లేచినదానివి.

సన్నాయికి పీక ఉంది. క్లారినెట్టుకు పుల్ల ఉంది. ట్రంపెట్టుకు రెండూ లేవు. నాలుగున్నర అడుగులు దాటిన గొట్టం, మూడు మీటలు, ఆ కొసన విచ్చుకున్న ఇత్తడి పువ్వు, ఈ కొసన చిన్న గిన్నెలాంటి మౌత్‌పీసు. దాని లోపలి వెడల్పు పదహారు మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూ. ఆ ఇరుకులో అదిరేదానివి నువ్వే. పాశ్చాత్య వాద్యబృందాలు శ్రుతి సరిచూసుకునే ఆ ఒక్క స్వరం పలకాలంటే సెకనుకు 440 సార్లు అదురుతావు. అందుకే మా మేష్టారు అనేవారు: "బూరకు పీక లేదురా అబ్బాయ్, నీ పెదవే పీక."

నందివాడలో చేపల చెరువు గట్టు మీద నా మొదటి పాఠం. ఆయన బూర చేతికివ్వలేదు. "మ అను" అన్నారు. అన్నాను. "ఆ మూతి అట్టాగే ఉంచి ఊదు." పవర్గంలో చివరి అక్షరం నాకు ఓనమాలయింది. బుగ్గలు పొంగించాను, రెండు వేళ్లతో నొక్కేశారు. మూతంతా బిగించాను, గాలి బుస్సుమంది తప్ప స్వరం రాలేదు. అప్పుడు చెరువులో వల లాగుతున్నవాళ్లను చూపించారు. "రెండు కొసలూ ఎంత గట్టిగా పట్టుకున్నారో చూడు. నడుమ ఎంత వదులుగా ఉందో చూడు. కొసలు వదిలితే చేప పోద్ది. నడుమ బిగిస్తే వల చిరుగుద్ది." మూతికి రెండు కొసలూ గట్టి, నడుమ మెత్తన. ఆ తర్వాత ఎన్నో విన్నాను గానీ ఇంతకంటే సరైన మాట వినలేదు.

పెదవీ, మీట ఒక్కటీ నొక్కకుండానే నువ్వు స, ప, పై స, ఆపైన గ, ప ఎక్కగలవు. గొట్టం అదే, గాలి అదే. నువ్వు కాస్త బిగిస్తే, లోపల నాలుక 'ఆ' నుంచి 'ఈ'కి లేస్తే, స్వరం మెట్టెక్కుతుంది. ఆ మెట్టు అందనప్పుడే బూరను మూతికేసి అదిమేస్తాం. అలా అదిమితే దెబ్బ నీకే; జాజ్ ట్రంపెట్ దిగ్గజం లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ అంతటివాడి పెదవి కూడా గాయాలపాలైంది. మేష్టారు నా అరచేయి చాపించి, పిడికిలి పట్టనివ్వకుండా, దాని మీద బూర పడుకోబెట్టి ఊదమనేవారు. "నొక్కబాక. గాలితో ఎక్కు." బూర ముందుకు జారేది. రోజులు గడిచాక ఒక ఉదయం జారడం మానింది. ఆ ఉదయం పలికిన పై షడ్జం ఇప్పటికీ నా చెవిలో ఉంది.

పెదవి చేసే పని మౌత్‌పీసు చాటున జరుగుతుంది. గురువుకు కనపడదు. ఆయన నావైపు వీపు పెట్టి, నీళ్లకేసి చూస్తూ వినేవారు. "ఎడమ కొస జారింది" అనేవారు. అద్దంలో చూసుకుంటే నిజంగానే జారి ఉండేది. కంటితో చూడకుండానే తప్పును చెవితో పట్టి సరిదిద్దిన ఆ వీపుకు నా దండం.

ప్యారిస్‌లో ఆర్బాన్ అనే వాద్యకారుడు 1864లో అచ్చు వేయించిన, ట్రంపెట్టుకు చుట్టమైన కార్నెట్ పాఠాల పుస్తకం ఇవాళ్టికీ ట్రంపెట్ నేర్చుకునేవాళ్ల ముందు తెరిచి ఉంటుంది. స్వరాలు వడిగా విడిపించడానికి అందులో నాలుకకు 'తు-కు' అని చెప్పాడాయన. ఆ పుస్తకం మేష్టారి కంట పడలేదు. మృదంగం పక్కన నిలబడి పెరిగిన మనిషి కాబట్టి 'తక తక' అని చెప్పారు.

మా పాటలు వేరు. ఘంటసాల 1922లో పుట్టిన చౌటపల్లి గుడివాడ పక్కనే; ఆ గొంతుకు తెర మీద పెదవి కలిపిన అక్కినేని పుట్టిన రామాపురం మా నందివాడ మండలమే. ఊరేగింపులో ఆ పాట ఎత్తుకుంటే, ఒక స్వరం నుంచి ఇంకోదానికి జారే జారు మీటల్లో దొరకదు. అది నువ్వే ఇవ్వాలి, పెదవీ. నీ పుట్టువు ఈ ఇత్తడికంటే పాతది. దాసరి శంఖం పూరించినప్పుడు ఆ గవ్వలో అదిరిందీ నువ్వే.

ఒక పెళ్లిలో రాత్రంతా ఆపనివ్వలేదు నన్ను. తెల్లారేసరికి పెదవి చిట్లింది. నెల రోజులు బూర ముట్టనివ్వలేదు మేష్టారు, వెన్న రాసుకోమన్నారు. "ఊదినంతసేపూ ఆగాలిరా. ఆగడం కూడా పాఠమే."

ముందు పళ్లు రెండు ఊడాక ఆయనకు మూతి నిలవలేదు. చింతపండు పెట్టి తోమిన బూరను గుడ్డలో చుట్టి నాకిచ్చారు. ఆ తర్వాత కూడా నేను ఊదుతుంటే వింటూ, తనకు తెలియకుండానే 'మ' అన్నట్టు మూతి కూర్చుకునేవారు. కొసలు అప్పటికీ గట్టిగానే ఉండేవి.

మీ ఇంట శుభకార్యానికి బ్యాండు మేళం వస్తే, బూర ఊదేవాళ్ల మూతిని ఒక్కసారి చూడండి. మౌత్‌పీసు తీయగానే నడుమ గుండ్రటి ముద్ర కనిపిస్తుంది. పాట అడగబోయే ముందు మంచినీళ్ల చెంబు అందించండి. పాటకూ పాటకూ మధ్య వాళ్లను కాసేపు కూర్చోనివ్వండి.