నూన్ లేని కీర్తన

యూదుల నిత్యప్రార్థనలో 145వ కీర్తన రోజుకు మూడుసార్లు వస్తుంది. ఉదయం రెండుసార్లు, మధ్యాహ్నం ఒకసారి. నాకిది కావాలి, ఇవ్వు అనే మాట అందులో ఎక్కడా లేదు. అంతా స్తుతే. మనసు బాగున్నా బాగోకపోయినా ఆ వేళకు పలకాల్సిందే.

పొద్దున్నే నేనూ ఈ కీర్తన చదువుతాను. కొన్ని రోజులు నోరు మాత్రమే చదువుతుంది, మనసు ఎక్కడో తిరుగుతుంటుంది. అయినా మానను. స్తుతి మనసుకు నచ్చినప్పుడు చేసేది కాదని, వేళకు తీర్చుకోవాల్సిన బాకీ అని నా నమ్మకం.

ఈ కీర్తనకే అంత పెద్దపీట ఎందుకో యూదుల ప్రాచీన ధర్మగ్రంథం తాల్ముద్ చెబుతుంది. దీని వచనాలు హీబ్రూ అక్షరాల వరసలో సాగుతాయి (తెలుగు బైబిల్లో ఆ వరస కనబడదు). పైగా దేవుడు గుప్పిలి విప్పి ప్రతి ప్రాణికీ తిండి పెడతాడనే వచనం ఇందులోనే ఉంది. ఆ 16వ వచనాన్ని ధ్యాస లేకుండా చదివేస్తే వెనక్కి వెళ్లి మళ్లీ చదవాలి. అన్నం పెట్టిన చేతిని తలుచుకునే చోట పరధ్యానం పనికిరాదన్నమాట.

హీబ్రూ అక్షరాలు 22, కీర్తనలో వచనాలు 21. ‘నూన్’ అనే అక్షరంతో మొదలవ్వాల్సిన వచనం లేదు. మృత సముద్రం దగ్గర కుమ్రాన్ గుహలో దొరికిన గ్రంథపు చుట్టలోనూ, ప్రాచీన గ్రీకు అనువాదంలోనూ అది ఉంది. రాతలో జారిపోయిందనే వాదన బలమైనదే. తాల్ముద్‌లో రబ్బీ యోహానాన్ మాత్రం వేరే కారణం చెప్పాడు: ఇశ్రాయేలు పతనాన్ని చెప్పే ఆమోసు వచనం ఆ అక్షరంతోనే మొదలవుతుంది కాబట్టి దావీదు దాన్ని వదిలేశాడట. ఆ ఖాళీ తర్వాతి వచనమే పడిపోయినవాళ్లను దేవుడు ఆదుకుంటాడని చెబుతుంది. నన్ను పట్టి నిలిపేది ఈ వివరణే. సమాజమందిరాల్లో నేటికీ ఆ నూన్ వచనం లేకుండానే చదువుతారు.

పడిపోయినవాడి నోటికీ స్తుతే అందించారు యూదులు. తల్లో తండ్రో పోతే కొడుకు పదకొండు నెలలు రోజూ ‘కద్దీష్’ అనే ప్రార్థన చెబుతాడు. అందులో చావు ఊసే ఉండదు, దేవుని నామాన్ని ఘనపరచడమే. అదీ ఒంటరిగా చెప్పకూడదు. పదిమంది ఉండాలి, ఆమేన్ అనాలి. తొమ్మిదిమందే ఉంటే పదో మనిషి కోసం వీధిలోకి వెళ్లి పిలుచుకొస్తారు.